ఆగస్టు 6: ఈసారి మన ఊళ్ళో హిరోషిమా దినం ఎలా జరుపుదాం?

కాకినాడ_టీచరు | జూలై 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా లైబ్రరీ మిత్రులం కొందరం కలిసి ఏటా ఆగస్టు 6న భానుగుడి సెంటర్లో శాంతి ర్యాలీ చేస్తున్నాం. పిల్లలు ప్లకార్డులు పట్టుకుంటారు, ఇద్దరు ముగ్గురు పెద్దలు మాట్లాడతారు, మర్నాడు జిల్లా ఎడిషన్లో ఫొటో పడుతుంది. మళ్ళీ ఏడాది దాకా ఎవరికీ గుర్తుండదు.

పోయినసారి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి అడిగింది: "టీచర్, బాంబు పడింది జపాన్లో కదా, మనం ఎందుకు నడుస్తున్నాం?" నాకు తోచిన జవాబు చెప్పాను గానీ, ఆ ప్రశ్న మా కమిటీ అందరం వేసుకోవలసిందే. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15కి అమెరికా వేసిన అణుబాంబుకు ఒక ఊరు కాలిపోయింది, 9న నాగసాకి మీద రెండోది పడింది, ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది పోయారు. ఈ అంకెలు చెబితే పిల్లలు నోట్సులో రాసుకుంటారు, అంతే.

రెండు విషయాల్లో మీ సలహా కావాలి. ఈ రోజును మన నేలకు ఎలా ముడిపెట్టాలి? ఏ పార్టీ బ్యానరు కింద నడవాలి, అసలు బ్యానరే లేకుండా నడవాలా? కిందటేడు ఈ రెండో సంగతి మీదే మా కమిటీ సగం విడిపోయింది.

---

విశాఖ_పాతూరు | జూలై 11, రాత్రి 10:25

టీచర్ గారూ, మీ పిల్లకు జవాబు మీ ఊళ్ళోనే ఉందండి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మా విశాఖ రేవు మీదా, అదే రోజు మీ కాకినాడ రేవు మీదా బాంబులు వేశాయి. ముందురోజు ఈస్టర్ ఆదివారం కొలంబో మీద పడ్డాయి. ఆ వారంలో బంగాళాఖాతంలో మునిగిన సరుకు ఓడలు ఇరవైకి పైనే. విశాఖ మీదికి వచ్చిన విమానాలు ర్యూజో అనే విమాన వాహక నౌక మీంచి లేచినవి.

పడ్డ బాంబులు కొన్నే, పోయిన ప్రాణాలూ కొన్నే. కానీ ఊరు ఖాళీ అయిపోయింది. మా అమ్మమ్మ వాళ్ళు ఇంటికి తాళం వేసి ఎడ్లబండి మీద అనకాపల్లి వైపు పోయారట. ఆంధ్ర విశ్వకళాపరిషత్తును గుంటూరుకు తరలించారు. పేలకుండా మిగిలిన జపాన్ బాంబు ఒకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. స్కూలు పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్ళిపోతారు.

ఆ రోజు రేవులో చనిపోయినవాళ్ళు ఎవరు, ఏ వీధి వాళ్ళు, కూలీలా, కళాసీలా? వాళ్ళ పేర్లు చదివిన సభ నా ఎరుకలో ఒక్కటి కూడా లేదు. హిరోషిమా మీద బాంబు పడటానికి మూడేళ్ళ ముందే ఆ యుద్ధం మన గుమ్మం తొక్కింది. అక్కడ మొదలుపెట్టండి.

---

హవల్దార్_రిటైర్డ్ | జూలై 12, ఉదయం 6:10

చదివాను. నాదొక మాట. నేను ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో చేసినవాణ్ణి. మాది తాడేపల్లిగూడెం దగ్గర. మిలటరీ మాధవరం మా చుట్టాల ఊరు. ఆ ఊరి నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికీ వెళ్ళారు, రెండోదానికీ వెళ్ళారు, ఇప్పటికీ ఇంటికొకరు ఇద్దరు ఫౌజులో ఉంటారు. ఊళ్ళో స్మారక స్తంభం ఉంది.

మీ శాంతి ర్యాలీలు రెండు మూడు చూశాను. "యుద్ధం వద్దు" అని అరిచినప్పుడల్లా, యూనిఫారం వేసుకున్నవాడేదో యుద్ధం కోరి తెచ్చినట్టు వినపడుతుంది. యుద్ధం ఎంత చెడ్డదో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. శవపేటికను సొంతూరికి తీసుకెళ్ళి వాళ్ళమ్మకు అప్పజెప్పే డ్యూటీ నేను చేశాను. మీ సభల్లో ఆ తల్లికి కుర్చీ వేసినవాళ్ళు ఉన్నారా?

---

కాకినాడ_టీచరు | జూలై 12, ఉదయం 7:02

హవల్దార్ గారూ, వెయ్యలేదు. ఈసారి వేస్తాం. మీరే వచ్చి మాట్లాడితే ఇంకా సంతోషం.

---

నిషికసాయి_తెలుగు | జూలై 12, మధ్యాహ్నం 1:15

టోక్యోలో ఉంటాను. ఇక్కడ నిషికసాయిలో మన తెలుగువాళ్ళు చాలామంది, అందరం ఐటీ పనుల మీద వచ్చినవాళ్ళమే. మా ఇంటికి దగ్గర్లోనే యుమెనోషిమా అనే చోటు ఉంది. ఒకప్పుడు టోక్యో చెత్తంతా పోసి పూడ్చిన దీవి. ఇప్పుడు పార్కు. అందులో ఒక పాత చెక్క పడవకు మ్యూజియం కట్టారు. ఆ పడవ కథ టీచర్ గారి రెండు ప్రశ్నలకూ పనికొస్తుంది, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా.

పడవ పేరు దాయిగో ఫుకుర్యూ మారు. యాయిజు అనే రేవు నుంచి ట్యూనా వేటకు వెళ్ళింది, మొత్తం 23 మంది జాలర్లు. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలో బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసింది. హిరోషిమా బాంబుకు సుమారు వెయ్యి రెట్లు. పడవ అక్కడికి దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో ఉంది. పడమట వెలుగు కనపడింది, కొన్ని గంటలకు తెల్లటి బూడిద రాలింది. పగడపు దిబ్బ పొడై పైకి లేచి వచ్చిన బూడిద అది. వాళ్ళు చేతులతో తుడుచుకుంటూ వలతాళ్ళు లాక్కున్నారు. మార్చి 14న ఒడ్డుకు చేరేసరికి ఒళ్ళంతా కమిలి, జుట్టు ఊడిపోతోంది. రేడియో ఆపరేటర్ కుబోయామా ఐకిచి ఆ సెప్టెంబరు 23న చనిపోయాడు. వయసు 40. అణుబాంబుకు బలైనవాళ్ళలో తానే ఆఖరివాణ్ణి కావాలన్న అతని కోరికను అక్కడ రాతి మీద చెక్కారు.

తర్వాత జరిగినదే మనకు కావలసింది. ట్యూనా చేపల్లో రేడియేషన్ దొరికింది, జనం చేపలు కొనడం మానేశారు. టోక్యోలోని సుగినామి వార్డులో చేపల కొట్టు నడిపే ఇంటావిడ ఒకామె మహిళల సమావేశంలో లేచి ఏదో ఒకటి చెయ్యాలని అడిగింది. ఆ వార్డు పబ్లిక్ హాల్లో పుస్తకాలు చదువుకునే గృహిణుల బృందం ఒకటి ఉండేది. ఆ హాలు డైరెక్టరు యాసుయి కవోరు అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు. వీళ్ళంతా కలిసి మే నెలలో సంతకాల సేకరణ మొదలుపెట్టారు. వార్డు జనాభా నాలుగు లక్షల లోపు. కొద్ది వారాల్లోనే రెండున్నర లక్షల సంతకాలు దాటాయి. చేపల కొట్లలో, వీధి చివర, గడప గడపకూ తిరిగి చేయించారు. అక్కణ్ణుంచి దేశమంతా పాకి, 1955 ఆగస్టు నాటికి మూడు కోట్లు దాటింది. ఆ ఆగస్టు 6న హిరోషిమాలో మొదటి ప్రపంచ మహాసభ జరిగింది.

అంటే హిరోషిమా జ్ఞాపకం ప్రపంచ ఉద్యమం కావడానికి పదేళ్ళు పట్టింది. దాన్ని కదిలించింది పెద్ద నాయకులు కారు, రేపు పిల్లలకు ఏం వండిపెట్టాలన్న బెంగ ఉన్న ఆడవాళ్ళు. జపాన్లో బాంబు పడితే మనం ఎందుకు నడవాలన్న మీ పిల్లకు ఈ చేపల కొట్టు సంగతి చెప్పండి. కాకినాడ పిల్లకు చేప సంగతి ఇట్టే అర్థమవుతుంది.

---

గోదారిగట్టు | జూలై 12, సాయంత్రం 5:48

నిషికసాయి తమ్ముడూ, బాగా రాశావు. కానీ టీచరమ్మ గారి రెండో ప్రశ్న మీద నా మాట వేరు. నేను కాలేజీ రోజుల నుంచి ఎర్రజెండా పట్టుకున్నవాణ్ణి, దాచిపెట్టుకోవలసిన పనిలేదు. ఈ ఊళ్ళో హిరోషిమా దినం గురించి ఎవరికీ పట్టనప్పుడు కరపత్రాలు వేసింది మా విద్యార్థి సంఘం, జన విజ్ఞాన వేదిక మిత్రులు. ఇప్పుడు "జెండాలు వద్దు, రాజకీయాలు వద్దు" అంటే, మరి యుద్ధం రాజకీయం కాదా అండి? ఆయుధాలు ఎవడు అమ్ముతున్నాడు, ఎవడు కొంటున్నాడు, ఆ డబ్బు ఏ ఆసుపత్రికి పోవలసింది అని అడగకుండా కొవ్వొత్తి వెలిగించి ఇంటికెళ్ళిపోతే అది సంతాపసభ అవుతుంది, ఉద్యమం కాదు.

---

నిషికసాయి_తెలుగు | జూలై 12, రాత్రి 8:30

బాబాయ్ గారూ, మీరన్నది నిజమే, రాజకీయం లేకుండా ఇది లేదు. కానీ సుగినామి సంతకాలు అన్ని రావడానికి కారణం ఏ ఒక్క పార్టీ కాయితమూ కాకపోవడమే. వార్డు సభలో అన్ని పక్షాలవాళ్ళూ ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. అదే ఉద్యమం 1960లలో చీలిపోయింది. సోవియట్ పరీక్షలను కూడా ఖండించాలా, నేల కింద తప్ప మిగతా అణుపరీక్షలు వద్దన్న పాక్షిక నిషేధ ఒప్పందాన్ని ఎలా చూడాలి అన్న గొడవలో 1963 నాటికి ఎవరి దారి వాళ్ళదైంది. 1965లో రెండో సంస్థ పుట్టింది. కమ్యూనిస్టు పార్టీ వైపు ఒకటి, సోషలిస్టుల వైపు ఒకటి. బతికి బయటపడ్డ బాధితులు ఈ తగువు మధ్యలో నలిగారు. ఎవరి బాంబైనా బాంబే అని చెప్పలేకపోయిన రోజున ఇరుగుపొరుగు సంతకం పెట్టడం మానేస్తారు.

పడవ సంగతి ఇంకొంచెం ఉంది. దాన్ని కొన్నేళ్ళు శిక్షణ నౌకగా వాడి, 1967లో తుక్కు కింద అమ్మి, చివరికి ఆ చెత్త దీవి పక్కన వదిలేశారు. 1968 మార్చిలో ఒక యువకుడు పత్రికకు ఉత్తరం రాశాడు, ఈ పడవను ఇలా మునగనిస్తామా అని. అది చదివిన జనం వచ్చారు. పడవలో నీళ్ళు తోడారు, చందాలు వేశారు. 1976లో మ్యూజియం తెరిచారు. ప్రభుత్వం తనంతట తాను చేసింది కాదు. పడవ సిబ్బందిలో ఒకాయన, ఓయిషి మతాషిచి, ఊళ్ళో వివక్ష భరించలేక టోక్యో వచ్చి లాండ్రీ పెట్టుకుని దాదాపు ముప్పై ఏళ్ళు ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. 1980లలో బడి పిల్లలు అడిగితే నోరు విప్పాడు. తర్వాత చనిపోయేదాకా, అంటే 2021 దాకా, వందల బడుల్లో మాట్లాడాడు. పిల్లల నుంచి పదేసి యెన్‌లు పోగుచేసి, పూడ్చిపెట్టిన ఆ చేపల పేరిట కూడా ఒక రాయి పెట్టించాడు.

---

అమ్రాబాద్_బిడ్డ | జూలై 12, రాత్రి 10:12

అన్నా, గీ ముచ్చట మాకు బాగ దగ్గర. మాది నల్లమల. 2019ల మా దిక్కు యురేనియం కోసం సర్వే అన్నప్పుడు చెంచు పెంటల (గూడేల) నుంచి, అమ్రాబాద్, పదర నుంచి జనం రోడ్డు మీదికొచ్చిన్రు. బంద్‌లు చేసిన్రు, బండ్లను ఆపిన్రు. ఆఖరికి ఆ సెప్టెంబర్ల తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని ఏకగ్రీవ తీర్మానం చేసింది.

అప్పుడు మా ఊళ్ళె ఒక ముసలమ్మ అడిగింది, "గా మన్ను తీస్కపోయి ఏం జేస్తరు బిడ్డా?" అని. కరెంటు అని చెప్పిన్రు, బాంబు అని చెప్పిన్రు. ఆమె మల్ల మాట్లాడలే. ఆగస్టు 6 అంటే మీకు బాంబు పడ్డ కాడ యాదికొస్తది. మన్ను తవ్వే కాడ ఉన్నోళ్ళను కూడ యాదిల పెట్టుకోన్రి. యురేనియం గని ఉన్న కడప జిల్లా తుమ్మలపల్లి చుట్టూ ఊళ్ళల్ల నీళ్ళ గురించి, పంటల గురించి రైతులు ఏండ్ల సంది మొత్తుకుంటున్నరు. వాళ్ళల్ల ఒకర్ని పిలిచి మాట్లాడిపియ్యున్రి.

---

బేఏరియా_రమ | జూలై 13, ఉదయం 8:44

హవల్దార్ గారి పోస్టు చదివి ఆగలేక రాస్తున్నాను. ఇక్కడ కాలిఫోర్నియాలో లఫాయెట్ అనే చిన్న ఊరుంది. రైలు స్టేషను ఎదురుగా కొండ వాలు మీద 2006 నవంబరులో స్థానికులు తెల్ల శిలువలు పాతడం మొదలుపెట్టారు. ఇరాక్‌లో చనిపోయిన ఒక్కో అమెరికన్ సైనికుడికి ఒక్కో శిలువ. మధ్యలో యూదుల నక్షత్రాలు, నెలవంకలు కూడా ఉండేవి. మొత్తం ఎందరు పోయారో అంకె రాసిన బోర్డు పెట్టారు, పోయినవాళ్ళ సంఖ్య పెరిగినప్పుడల్లా మార్చేవారు. రోజూ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు రైలు దిగి ఆ అంకె చూడాల్సిందే.

ఊరు రెండుగా చీలింది. ఇది సైనికులకు అవమానం అని కొందరు, గౌరవం అని కొందరు. బోర్డును పీకేసినవాళ్ళు ఉన్నారు, కౌన్సిల్ మీటింగులో గంటలకొద్దీ వాదించినవాళ్ళు ఉన్నారు. అయినా ఏళ్ళ తరబడి నిలిచింది.

శాంటా మోనికా సముద్రపు ఒడ్డున కూడా ఇలాంటిదే, 2004 నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే పాతి, సాయంత్రం తీసేవారు. దాన్ని చేసింది మాజీ సైనికుల సంఘం, వెటరన్స్ ఫర్ పీస్. యుద్ధం చేసి వచ్చినవాళ్ళే. చనిపోయినవాడి తల్లి వస్తే ఆ పేరున్న చోట పూలు పెట్టనిచ్చేవారు, ఆమె యుద్ధాన్ని సమర్థించే మనిషా కాదా అని ఎవరూ అడగలేదు.

ఒక్క లోటు మాత్రం నాకు ఎప్పుడూ తోస్తుంది. ఇరాకీలు అంతకు ఎన్నో రెట్లు పోయారు, వాళ్ళకు పాతాలంటే ఆ ఒడ్డు చాలదు.

---

హవల్దార్_రిటైర్డ్ | జూలై 13, మధ్యాహ్నం 12:20

రమ గారూ, ఇది నాకు తెలియని సంగతి. మాజీ సైనికులే చేశారంటే ఆలోచించాల్సిందే.

సరే, నేనూ ఒకటి చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్ళారు, డెబ్భై వేలకు పైగా తిరిగి రాలేదు. రెండోదానిలో సైన్యంలో చేసినవాళ్ళు పాతిక లక్షల మంది. వాళ్ళ పేర్లు ఫ్రాన్స్‌లో, ఇరాక్‌లో, బర్మాలో రాళ్ళ మీద ఉన్నాయి. ఇక్కడ వాళ్ళ మునిమనవలకే తెలియదు. మన గోదావరి జిల్లాల పేర్లు కొన్ని నేను పోగుచేస్తాను. ఆ రోజు చదవండి. ఒక షరతు: జైజైలు వద్దు, నినాదాలూ వద్దు. పేరు, ఊరు, పోయిన చోటు. అంతే.

---

విశాఖ_పాతూరు | జూలై 13, మధ్యాహ్నం 1:05

హవల్దార్ గారూ, నా మనసులో మాట అన్నారు. 1971 డిసెంబరులో మా తీరం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. అందులో తొంభై మందికి పైగా నావికులు. ఇప్పటికీ ఆ సముద్రం అడుగునే ఉన్నారు. బీచ్ రోడ్డులో మన విజయ స్మారకం ఉంది, ఉండాల్సిందే. ఎదుటివాళ్ళ పిల్లలు కూడా ఆ నీళ్ళలోనే ఉన్నారని పక్కన ఒక వాక్యం రాస్తే మన విజయం తగ్గిపోతుందా?

---

హవల్దార్_రిటైర్డ్ | జూలై 13, మధ్యాహ్నం 1:31

తగ్గదు. డ్యూటీలో పోయినవాడికి ఏ దేశం సోల్జరైనా సెల్యూట్ కొడతాడు.

---

బీటెక్_రాజోలు | జూలై 13, సాయంత్రం 4:16

అందరూ పెద్దవాళ్ళు, తప్పుగా అనుకోకండి. నాకొక సందేహం. మన దేశం 1998లో పోఖ్రాన్ అణుపరీక్షలు చెయ్యకపోతే చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకునేవారా? బాంబు ఉండబట్టే కదా పెద్ద యుద్ధం రాలేదు? ఈ ర్యాలీలో నడిస్తే దేశం బలహీనపడాలని కోరినట్టు కాదా?

---

గోదారిగట్టు | జూలై 13, సాయంత్రం 5:02

బాబూ, మంచి ప్రశ్న, నలుగురిలో అడిగావు, సంతోషం. మే 1998లో మనం పేల్చాం, అదే నెలాఖరుకు పాకిస్తాన్ వాళ్ళూ పేల్చారు. మర్నాటి ఏడాదే కార్గిల్ వచ్చింది. బాంబు ఉండగానే వచ్చింది. ఇక దేశభక్తి మాట. అడ్మిరల్ రాందాస్ గారని మన నౌకాదళానికి 1990 నుంచి 1993 దాకా అధిపతిగా చేశారు. రిటైరయ్యాక అణ్వాయుధాలు వద్దని, పాకిస్తాన్ ప్రజలతో మాట్లాడాలని దేశమంతా తిరిగారు. 2004లో మెగసెసే అవార్డు వచ్చింది. 2024లో మన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఆయన కంటే దేశరక్షణ మనకెవరికి ఎక్కువ తెలుసు? 1954లో బికినీ పరీక్ష జరిగిన నెలకే, ఏప్రిల్ 2న, ఈ పరీక్షలు ఆపండని పార్లమెంటులో అడిగింది మన నెహ్రూ గారే. ఆగస్టు 6న హిరోషిమా మృతులకు మన లోక్‌సభ కూడా నివాళి అర్పిస్తూ వచ్చింది. అది దేశాన్ని బలహీనపరచిందా?

నువ్వు ర్యాలీకి రా. ఈ ప్రశ్నే మైకులో అడుగు. మైకు నేనే ఇస్తాను.

---

ఖార్కివ్_అమ్మ | జూలై 13, రాత్రి 9:27

నేను ఎప్పుడూ రాయను, చదువుతాను. మా అమ్మాయి ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదివేది. 2022 ఫిబ్రవరిలో మెట్రో స్టేషన్లో నేల మీద పడుకుని, ఛార్జింగ్ అయిపోతుందని ఒక్క నిమిషం మాట్లాడి పెట్టేసేది. మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎంతోమంది అలాగే ఉన్నారు. మన ప్రభుత్వం పిల్లల్ని వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగలో ఇంటికొచ్చింది, దేవుడి దయ. అక్కడ వాళ్ళకు అన్నం వండిపెట్టిన హాస్టల్ ఆవిడ ఏమైందో ఇప్పటికీ తెలియదు. తర్వాత రెండేళ్ళకు ఉద్యోగం అని నమ్మి రష్యా వెళ్ళిన హైదరాబాద్ కుర్రాడొకడు యుద్ధంలో చనిపోయాడని పేపర్లో చదివి రెండు రోజులు నిద్ర పట్టలేదు.

యుద్ధం ఎక్కడో జరుగుతుందని ఇక నాకెవరూ చెప్పకండి. కాకినాడకు గంటన్నర దూరంలో ఉంటాను. వస్తాను. మాట్లాడమంటే మాట్లాడతాను.

---

కాకినాడ_టీచరు | జూలై 14, రాత్రి 9:15

అమ్మా, మీరు తప్పకుండా రండి. మీరు మాట్లాడాలి.

ఇవాళ కమిటీ కూర్చున్నాం. ఈ చర్చంతా ప్రింటు తీసి చదివాం. మూడు గంటలు పట్టింది. ఒప్పుకున్నవి చెబుతున్నా. ముందు నడిచే వరుసలో ఏ జెండా ఉండదు. సంఘాలు తమ జెండాలతో వెనక నడవవచ్చు, ఎవరినీ ఆపం. గోదారిగట్టు గారి మాట కాదనలేక, కరపత్రంలో ఆయుధాల ఖర్చు గురించి ఒక పేరా పెడుతున్నాం. అది ఆయనే రాస్తారు, అరపేజీ దాటకూడదు. ఎవరి అణుబాంబైనా వద్దే అన్న వాక్యం మాత్రం మొదటే ఉంటుంది, అందులో బేరం లేదు.

ఈసారి భానుగుడి సెంటర్ కాకుండా జగన్నాథపురం వైపు, రేవుకు దగ్గరగా చేద్దామని నిశ్చయించాం. 1942లో బాంబులు పడ్డ వైపు అది. చేపల మార్కెట్ ఆడవాళ్ళతో రేపు మాట్లాడతాను, సుగినామి సంగతి చెప్పి సంతకాల పుస్తకం మొదట వాళ్ళ దగ్గరే తెరుస్తాం. ఆ పుస్తకం ఆగస్టు 6తో మూసెయ్యం. 9న నాగసాకి రోజుకు రెండో వార్డు, ఆ తర్వాత నెలకో వార్డు చొప్పున తిరుగుతుంది. వచ్చే ఏప్రిల్ 6కి, అంటే మన ఊరి మీద బాంబు పడ్డ రోజుకు, పూర్తిచేసి కలెక్టర్ గారికిస్తాం.

పేర్లు చదివేది తొమ్మిది, పదో తరగతి పిల్లలు. హవల్దార్ గారి జాబితా, విశాఖ_పాతూరు గారికి దొరికితే రేవు మృతుల పేర్లు, కొన్ని హిరోషిమా పేర్లు కలిపి. హిరోషిమాలో కొరియా నుంచి పనికి తెచ్చినవాళ్ళు వేలమంది పోయారు. వాళ్ళ స్మారకం 1970లో శాంతి వనం బయట కట్టారు, 1999లో గానీ లోపలికి రాలేదు. అందుకని కొరియా పేర్లు కూడా వెతుకుతున్నాం. నిషికసాయి గారూ, సాయం చెయ్యండి.

అమ్రాబాద్ తమ్ముడూ, తుమ్మలపల్లి రైతును పిలవడానికి దారి ఖర్చులు మేం పెట్టుకుంటాం. నంబరు నాకు విడిగా పంపు.

---

అమ్రాబాద్_బిడ్డ | జూలై 14, రాత్రి 9:50

పంపిన టీచర్. ఆయన వస్తనన్నడు. ఊరి బోరు నీళ్ళు సీసాల పట్టుకొస్తడట, అందరికీ చూపియ్యనీకి.

---

హవల్దార్_రిటైర్డ్ | జూలై 15, ఉదయం 5:55

నిన్న మాధవరం వెళ్ళాను. పదకొండు పేర్లు ఖాయం అయ్యాయి, ఇంకా నలుగురి ఇళ్ళకు వెళ్ళాలి. పిల్లలు పేర్లు తప్పు పలక్కుండా ముందురోజు సాయంత్రం ఒక రిహార్సల్ పెట్టండి, నేను వస్తాను. కుర్చీలు ఎన్ని వేయిస్తున్నారు? నాతో ముగ్గురు తల్లులు వస్తున్నారు, వాళ్ళలో ఒకావిడ ఎక్కువసేపు నిలబడలేదు.

---

కాకినాడ_టీచరు | జూలై 15, ఉదయం 6:30

ముందు వరుస మొత్తం వాళ్ళదే సర్. షామియానా కూడా చెప్పాను. రిహార్సల్ 5వ తేదీ సాయంత్రం నాలుగున్నరకు, మా స్కూల్ గ్రౌండ్‌లో.